బాగుంది, బాగోలేదు అన్న తరువాత మాట్లాడుకోవలసింది

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని. వయసు 70 నిండింది. మా అమ్మాయి, అల్లుడు హైదరాబాదులోనూ, అబ్బాయి అమెరికాలోనూ ఉంటారు. అల్లుడుగారి స్వస్థలం కరీంనగర్ వైపు ఒక పల్లెటూరు. ఆదివారంనాడు అందరం వీడియో కాల్‌లో కలిస్తే ఆరోగ్యాలు, వాతావరణం అడగడంతోనే మాటలు అయిపోతున్నాయని, వారానికొక తెలుగు సినిమాను ఎవరి ఇంట్లో వారు చూసి దాని గురించి మాట్లాడుకుందామని నేనే ప్రతిపాదించాను. మొదట్లో సరదాగానే సాగింది. తరువాత నాకెంతో ఇష్టమైన ‘ముత్యాల ముగ్గు’ చూడమంటే, చూసి వచ్చిన మా అమ్మాయి, “భార్యను అనుమానించి గెంటేసినవాడి దగ్గరికి ఆవిడ మళ్ళీ ఎందుకు వెళ్ళాలి? ఇలాంటివి చూపించేగా మమ్మల్ని పెంచారు” అన్నది. నా మనసు చివుక్కుమంది. ఆపై వారం అల్లుడుగారు ‘బలగం’ చూడమన్నారు. సగం మాటలు అర్థం కాలేదని, సినిమా నిండా ఏడుపేనని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటి నుంచి ఆయన కాల్‌లోకి రావడం లేదు, పని ఉందట. అబ్బాయి ఏ పాత సినిమానైనా “ల్యాగ్” అన్న ఒక్క మాటతో తేల్చేస్తాడు. వాడు అన్నీ ఒకటిన్నర వేగంతో చూస్తాడని ఈమధ్యే తెలిసింది. మా ఆవిడ ఏది చూసినా బాగుందనే అంటుంది, ఆవిడతో గొడవ లేదు. ఇక మీదట అభిప్రాయం చెప్పడమే మానుకోవాలా, లేక ఎవరికీ నొప్పి కలగని సినిమాలనే ఎంచుకోవాలా?

సమాధానం: అయ్యా, రెండూ వద్దు. ఎవరికీ నొప్పి కలగని సినిమాలను ఏరుకుంటూ పోతే చివరికి మీ చేతిలో మిగిలేవి మరునాటికి ఎవరికీ గుర్తుండని సినిమాలే. వాటి గురించి మాట్లాడడం కన్నా వాతావరణం గురించి మాట్లాడడమే నయం. అభిప్రాయం చెప్పడం మానుకుంటారా అంటే, మీ తరంవారికి నేను గుర్తు చేయనక్కరలేదు, 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు పేరున్న కథానాయకుడు లేడు, నాటకరంగం నుంచి వచ్చిన డిప్యూటీ కలెక్టరు జె.వి. సోమయాజులు ప్రధానపాత్ర, కథంతా శాస్త్రీయ సంగీతం. తొలి రోజుల్లో పలచగా ఉన్న హాళ్ళు తరువాత నిండాయంటే, చూసినవారు ఇంటికి వెళ్ళి ఊరుకోకుండా పక్కింటివారితో మాట్లాడినందువల్లనే. సినిమా హాలులో సగం, ఇంటికి వచ్చాక అరుగు మీద సగం పూర్తయ్యే కళ అది. కాబట్టి మాట్లాడండి. అయితే మీ ఉత్తరంలో మీరు ఉదాహరించిన మాటలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే, మీ ఇంట్లో నలుగురూ సినిమా చూసిన తరువాత తీర్పు చెబుతున్నారు గాని, ఏ సన్నివేశం దగ్గర తమకు ఏమైందో ఎవరూ చెప్పడం లేదు. తీర్పుకు ఎదుటివాడు ఒప్పుకోవాలి, లేదా అప్పీలుకు వెళ్ళాలి. మీ అల్లుడుగారు ఈ రెండూ చేయలేక కాల్‌లోకి రావడం మానేశారు. అందువల్ల ముందు ఆయన సంగతి చూద్దాం. మిగిలినవి ఒకటి రెండు వారాలు ఆగినా ప్రమాదం లేదు.

2023లో వచ్చిన ‘బలగం’లో కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు. ఎప్పుడో ఒక విందులో నల్లి బొక్క (మూలుగ ఎముక) దగ్గర మొదలైన మాటపట్టింపుతో ఆ ఇంటి అల్లుడు ఏళ్ళ తరబడి అత్తవారి గడప తొక్కకుండా ఉండిపోతాడు. దినాల్లో పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడంతో, పోయినవాడికి తీరని కోరిక ఏదో ఉన్నదని కుటుంబమంతా తలలు పట్టుకుంటుంది. చిన్న మాటకు అలిగి వెళ్ళిపోయిన అల్లుడి చుట్టూ అల్లిన ఆ సినిమాను మీ కుటుంబమంతా చూసి, చిన్న మాటతోనే అల్లుడిని దూరం చేసుకున్నారు. మిమ్మల్ని ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు; మీరే ఆయనకు ఫోను చేసి నవ్వుతూ ఈ మాట అనగలిగితే సగం పని అయిపోతుందని అంటున్నాను.

మిగిలిన సగానికి కొంత ఆలోచన కావాలి. ఏడుపు ఎక్కువైందన్నది సినిమా మీద అభిప్రాయం. దాన్ని ఎవరైనా అనవచ్చు, ఆయన కూడా దానికి నొచ్చుకుని ఉండరు. సగం మాటలు అర్థం కాలేదన్నది మాత్రం సినిమా దగ్గర ఆగే మాట కాదు. తెలుగు సినిమా పుట్టిన నాటి నుంచి దాదాపు కృష్ణా, గోదావరి జిల్లాల మాటనే అందరి మాటగా చెలామణి చేసింది. తెలంగాణ యాస వినిపించిందంటే ఎక్కువగా అది రౌడీకో, నవ్వు పుట్టించే పాత్రకో తగిలించినది. ఆ మాటను మర్యాదగా వినిపించిన సినిమాలు, 1980లో విడుదలైన ‘మా భూమి’ వంటివి, వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. ఆ కాలమంతా కరీంనగర్ పల్లెల్లోని ప్రేక్షకులు మీ గోదావరి మాటలను ఎవరి సాయమూ లేకుండా అర్థం చేసుకున్నారు, మీ పలుకుబళ్ళకు నవ్వారు, మీ ఊరి పెళ్ళిళ్ళలోని ఆచారాలను తమవిగా చూశారు. మీకు అటువంటి అవసరం మొదటిసారి ఒక ఆదివారం ఎదురైంది, మీరు దాన్ని సినిమా లోపంగా లెక్కవేశారు. ఆయన వినిపించుకున్నది సినిమా గురించిన మాటగా కాదు. తన తల్లి మాట్లాడే మాట తన మామగారికి ఇన్నేళ్ళ తరువాత కూడా పరాయిగానే ఉన్నదన్న కబురుగా.

కాబట్టి ఆయనకు ఫోను చేయండి. ఆదివారం కాల్‌లో అందరి ముందు కాదు, మామూలు రోజున, విడిగా. క్షమాపణ అనే పెద్దమాట వాడనక్కరలేదు. అల్లుడికి మామగారు క్షమాపణ చెబితే మన ఇళ్ళలో అది ఇద్దరికీ ఇబ్బందే, ఆయన ఆ కబురు విని మరింత ముడుచుకుపోతారు. సినిమాను ఇంకొకసారి చూశానని చెప్పండి, అయితే నిజంగా చూసిన తరువాతే చెప్పండి. అర్థం కాని మాటలను కాగితం మీద రాసుకుని, వాటి అర్థం ఆయననే అడగండి. అంతకన్నా ముఖ్యంగా, చివర బుడిగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే కథాగానం గురించి అడగండి: వారి ఊళ్ళో చావు ఇంటికి అలా పాడేవారు వచ్చేవారా, ఆయన చిన్నప్పుడు విన్నారా, ఎవరు పోయినప్పుడు విన్నారు అని. మీ వైపునా పిండం పెట్టి కాకి కోసం కళ్ళు కాయలు కాసేలా చూసినవారు ఉంటారు. మీ నాన్నగారి దినాలప్పుడు ఆ చెట్టు కింద ఏమి జరిగిందో మీరు చెప్పండి. ఆ సినిమాను పల్లెల్లో తెరలు కట్టి వేసినప్పుడు ఊరు ఊరంతా కూర్చుని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నదంటే, అక్కడ కూర్చున్నవారికి కొమురయ్య ఒక పాత్రగా గాక, తమ ఇంటి నుంచి పోయిన మనిషిగా కనిపించాడు. అంత ఏడుపు అనవసరమని మీకు ఇంకా అనిపిస్తే, అప్పుడు అనండి. మీ ఇంటి చావు గురించి చెప్పిన తరువాత ఆ మాటను ఆయన వేరే విధంగా వింటారు.

ఇక మీ అమ్మాయి మాటకు వస్తాను. ఇక్కడ మీరు నాతో కొంత ఓపిక పట్టాలి, ఎందుకంటే నేను మీ పక్షాన పూర్తిగా నిలబడలేను.

‘ముత్యాల ముగ్గు’ 1975లో విడుదలైంది. మీ వయసును బట్టి చూస్తే అప్పటికి మీకు ఇరవై ఏళ్ళు. బాపు దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణ మాటలు, కె.వి. మహదేవన్ సంగీతం, జాతీయ పురస్కారం అందుకున్న ఇషాన్ ఆర్య ఛాయాగ్రహణం. ఉదయించే సూర్యుణ్ణి చూస్తూ రావు గోపాలరావు పలికిన కాంట్రాక్టరు మాటలు రికార్డులుగా వచ్చి, పాటలకు దీటుగా ఊళ్ళలో మైకుల్లో వినిపించిన రోజులవి. మీరు ఆ సినిమాను ఇప్పుడు మళ్ళీ చూసినప్పుడు తెర మీద ఉన్నదంతా చూడరు. ఆనాటి హాలు, పక్క కుర్చీలోని స్నేహితుడు, మైకులో మాటలతోపాటు గొంతు కలిపిన మీ ఇరవై ఏళ్ళ నోరు, ఇవన్నీ కలిపి చూస్తారు. మీ అమ్మాయికి ఆ సామగ్రి ఏదీ అందుబాటులో లేదు. ఆమెకు తెర ఒక్కటే ఉన్నది. తెర మీద గర్భిణి అయిన భార్య ఇంటి నుంచి వెళ్ళగొట్టబడుతున్నది. ఆమె దాన్ని చూసి అడగవలసిన ప్రశ్నే అడిగింది.

మీరు వెంటనే, “ఆ రోజులు వేరు, అప్పట్లో అలా ఉండేది” అని సమాధానం చెప్పి ఉంటారని ఊహిస్తున్నాను. ఆ స్థానంలో ఉన్న తండ్రులందరూ చెప్పే మాట అదే. దయచేసి ఆ వాదాన్ని వాడకండి, అది నిలవదు. ఆ సినిమా కథకు ఉత్తర రామాయణం పునాది అని మీకూ తెలుసు. సీతను అడవికి పంపడం న్యాయమా అన్న ప్రశ్నను తెలుగువారు ఏనాడూ అడగకుండా లేరు. మన ఇళ్ళలో ఆడవారు పాడుకుంటూ వచ్చిన రామాయణపు పాటల్లోనే సీత బాధ, ఊర్మిళ ఉక్రోషం వినిపిస్తాయి. రామాయణాన్ని విమర్శిస్తూ రంగనాయకమ్మ రాసిన ‘రామాయణ విషవృక్షం’ సంపుటాలు సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1970ల నడుమ, వెలువడ్డాయి. ‘ముత్యాల ముగ్గు’కు క్యూలో నిలబడిన ఊళ్ళోనే ఆ పుస్తకం గురించి గొడవలు పడినవారూ ఉన్నారు. అందుచేత మీ అమ్మాయి ప్రశ్న ఈ కాలపు పిల్ల తెచ్చిన కొత్త ప్రశ్న కాదు. అది మీ యౌవనంలో మీ ఊళ్ళోనే వినిపించిన ప్రశ్న. ఆనాడు మీరు దాని దగ్గర ఆగలేదు, అంతే. ఆగకపోవడం నేరమూ కాదు. ఇరవై ఏళ్ళవాడు కాంట్రాక్టరు మాటల కోసం రెండోసారి టిక్కెట్టు కొన్నాడంటే దానికి ఎవరు తప్పుపడతారు?

అయితే ఆమె తీర్పులో కూడా తొందర ఉన్నది, దాన్ని మీరు నెమ్మదిగా చూపించవచ్చు. ఆ సినిమా భర్త అనుమానాన్ని తనదిగా చేసుకోలేదు. పన్నాగం ఎవరు పన్నారో, పడకగదిలోకి పరాయివాణ్ణి ఎలా చేర్చారో అంతా మన కళ్ళ ముందే జరుగుతుంది. భార్య నిర్దోషి అని ప్రేక్షకుడికి భర్త కన్నా ముందే తెలుసు. కాబట్టి అతను ఆమెను వెళ్ళగొట్టేటప్పుడు హాలులో ఉన్నవారెవరూ అతని వైపు ఉండరు. ఆ తరువాత కథను నడిపించే బలం కూడా అతని చేతిలో లేదు. ఆ దంపతుల కవలపిల్లల చేతిలో ఉన్నది. తండ్రికి తెలియనిది పిల్లలు కనిపెట్టడం, పెద్దలు చేసిన చిక్కును చిన్నవాళ్ళు విప్పడం ఆ సినిమా ఎంచుకున్న దారి. ఇక మీ అమ్మాయి ఎత్తిచూపిన ముగింపు విషయంలో మాత్రం నాకు ఆమె మాటే సరి అనిపిస్తుంది: నిజం బయటపడగానే భర్తకు అన్నీ సులువుగా తిరిగి దక్కుతాయి, నమ్మనందుకు అతను చెల్లించిన మూల్యం చాలా తక్కువ. కథలో కుట్రదారులు దొరికిపోయారు గనుక అతని తప్పు కూడా వారి లెక్కలోకి వెళ్ళిపోయింది. ఈ ఒక్క మాట మీ నోటి నుంచి వినడానికే ఆమె అంత ఘాటుగా మాట్లాడిందని నా అనుమానం.

ఒక సినిమాలో వెలుగు, కూర్పు, మాట అద్భుతంగా ఉండి, నీతి విషయంలో అది దారి తప్పవచ్చు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పవచ్చు. ఇషాన్ ఆర్య సహజమైన వెలుతురుతో ఆ ఇళ్ళను, ఆ మనుషుల ముఖాలను ఎలా చూపించాడో మీరు ఆమెకు ఒక దృశ్యం ఆపి చూపిస్తే, ఆమె తన ప్రశ్నను వెనక్కు తీసుకోనక్కరలేకుండానే ఆ వెలుగును చూడగలదు. మీరు ఇప్పటిదాకా ఆమె ముందు ఉంచింది, సినిమాను మొత్తంగా ఒప్పుకో లేదా మొత్తంగా కాదను అన్న బేరం. అలాంటి బేరం పెడితే పిల్లలు కాదనే అంటారు. మనమూ మన తండ్రులతో అలాగే అన్నాం.

“ఇలాంటివి చూపించేగా మమ్మల్ని పెంచారు” అన్న మాట వేరు. అది సినిమా గురించి కాదు, మీ ఇంటి గురించి. దానికి ఆదివారం కాల్ సరైన చోటు కాదు, సినిమా సరైన సాకూ కాదు. ఎప్పుడైనా ఆమె మీ ఇంటికి వచ్చినప్పుడు, ఆ మాట వెనుక ఏమున్నదని నెమ్మదిగా అడగండి; ఏదైనా ఉంటే చెబుతుంది, లేకపోతే నోరు జారిందని తానే నవ్వుతుంది. అంతవరకు ‘ముత్యాల ముగ్గు’ మీద చర్చలో ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

మీ అబ్బాయి విషయం చిన్నది. వేగం పెంచి చూసినవాడికి సినిమా నెమ్మదిగా ఉన్నదని అనే అర్హత లేదని అతనికి సూటిగానే చెప్పవచ్చు. ఇందులో సున్నితం చూపవలసింది ఏమీ లేదు. రేలంగి, రమణారెడ్డి వంటివారి హాస్యమంతా మాటకూ మాటకూ మధ్య వారు ఆగే చోటులో ఉంటుంది, వేగం పెంచగానే ముందుగా పోయేది ఆ ఆగే చోటే. ఇక ‘శంకరాభరణం’ కూడా ఒకటిన్నర వేగంతోనే చూశాడా? తాళం తప్పితేనే సహించని శంకరశాస్త్రి ముందు ఈ సంగతి బయటపెట్టకపోవడం అందరికీ మంచిది. అయితే ల్యాగ్ అన్న మాటను తోసిపుచ్చకుండా, దాన్ని ఇంకొంచెం పని చేయించండి. సినిమాలో ఏ చోట మొదటిసారి ఫోను చేతిలోకి తీసుకున్నావని అడగండి. ఆ చోటు నిజంగానే సాగదీసిన పాట కావచ్చు, కథతో సంబంధం లేని హాస్యపు ట్రాకు కావచ్చు. మన పాత సినిమాలలో అవి లేవని ఎవరూ ప్రమాణం చేయలేరు. కొన్నిసార్లు మీ ఇద్దరూ ఒకే చోట విసుగు చెందారని తెలిసి ఆశ్చర్యపోతారు. అదీగాక, మీరిద్దరూ అసలు ఒకే సినిమా చూశారా అన్నది ముందు తేల్చుకోవాలి. ‘మాయాబజార్’ 1957 నాటి నలుపు తెలుపు ప్రతి మూడు గంటలకు పైగా నడుస్తుంది. 2010లో విడుదలైన రంగుల ప్రతి నిడివి అంతకన్నా తక్కువ. మీరు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చూపిన వెన్నెల గురించి మాట్లాడుతుంటే, ఆ వెన్నెలకు తరువాత పూసిన రంగులు చూసినవాడు మీ మాటకు తల ఊపడం కష్టం. పాత నలుపు తెలుపు సినిమాల తెర దాదాపు చతురస్రంగా ఉంటుంది, ఇప్పటి టీవీకి సరిపడేలా లాగితే సావిత్రి ముఖం కూడా సొట్టబోయి కనిపిస్తుంది. టీవీలో తెర కొలతను మార్చే మీట ఎక్కడుందో అబ్బాయికి బాగా తెలుసు. ఆ పని వాడికి అప్పగించండి, పనిలో పడితే విమర్శ తగ్గుతుంది.

మీ ఉత్తరంలో మీరు ప్రశ్నగా అడగని సంగతి ఒకటి ఉన్నది, నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. మీ శ్రీమతిగారితో గొడవ లేదని రాశారు. ఏది చూసినా బాగుందనే మనిషి ఉండడం నేను ఇంతవరకు చూడలేదు. ఇంతకు మించి చెబితే వినేవారు లేరని తేల్చుకున్న మనుషులను చాలామందిని చూశాను. ఆవిడ సినిమా మొత్తం కూర్చుని చూస్తున్నారా, లేక నడుమ నాలుగుసార్లు లేచి మీకు కాఫీ, మందులు అందిస్తూ, వంటింట్లో నుంచి పాటలు మాత్రం వింటూ చూస్తున్నారా? ‘ముత్యాల ముగ్గు’లో భార్య ఇల్లు విడిచి వెళ్ళిన సన్నివేశం గురించి మీ ఇంట్లో తండ్రీ కూతురూ వాదించుకున్నారు; ఒక ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్ళు కాపురం చేసిన ఆవిడను ఎవరైనా ఒక మాట అడిగారా? మీ ఇంట్లో ఆ కథ మీద అనుభవంతో మాట్లాడగల మనిషి ఆవిడే. ఆవిడ మీ పక్షం వహించవచ్చు, అమ్మాయి పక్షం వహించవచ్చు, మీ ఇద్దరికీ తట్టని మూడో మాట ఏదైనా చెప్పవచ్చు. ఆ మాట వినడానికి మీరు కొంచెం సిద్ధపడి ఉండాలి, ఎందుకంటే అది సినిమా దగ్గరే ఆగిపోతుందన్న హామీ నేను ఇవ్వలేను.

అడిగే పద్ధతి గురించి కూడా ఒక మాట. “ఎలా ఉంది?” అని అడిగితే ఆవిడ బాగుందనే అంటారు, ఆ ప్రశ్నకు మర్యాదగా ఉండే జవాబు అదొక్కటే. దాని బదులు, అందులో ఎవరి మీద కోపం వచ్చిందని అడగండి. ఏ చీర నచ్చిందని, ఏ పాట వస్తే పని ఆపి వచ్చి నిలబడ్డావని అడగండి. ఆవిడ మొదటిసారి ఏ ఊళ్ళో, ఎవరితో కలిసి చూశారో అడగండి. సినిమాకు వెళ్ళాలంటే ఇంట్లో ఎవరి అనుమతి కావాలో, ఎంత పని ముగించి బయలుదేరాలో మీకు తెలియని సినిమా కథలు ఆవిడ దగ్గర ఉంటాయి. నిజం చెప్పాలంటే మీ పిల్లలకు కూడా చిత్రవివరాలకన్నా అవే ఆసక్తి కలిగిస్తాయి. పాత సినిమాల అభిమానులు చాలామందిలాగే, సంవత్సరాలు, పురస్కారాలు, సాంకేతిక నిపుణుల పేర్లు చెప్పడం మీకూ ఇష్టమై ఉంటుందని ఊహిస్తున్నాను. నేనూ పై పేరాలలో అదే పని చేశాను గనుక మీతో పోట్లాడను. కాని ఆ వివరాలు మాట్లాడేవాడికి కిరీటంలా ఉంటాయి, వినేవాడికి పరీక్షలా ఉంటాయి. ఎవరైనా అడిగితే చెప్పండి.

ఒకే సినిమాను మళ్ళీ మళ్ళీ చూసే అలవాటు ఉన్నవారిలో ఒక గుణం ఉంటుంది: వారు సినిమాను చూడరు, తమకు తెలిసినది వచ్చిందా లేదా అని సరిచూసుకుంటారు. ‘మాయాబజార్’ను కంఠస్థం చేసినవారిలో కూడా, మహాభారతపు కథ అయిన ఆ సినిమాలో పాండవులు ఐదుగురిలో ఒక్కరైనా తెర మీదికి రారన్న సంగతి ఎవరో చెబితే గాని గమనించనివారు ఎందరో ఉన్నారు. మొదటిసారి చూసే పిల్లవాడు, “అభిమన్యుడి నాన్న ఎక్కడ?” అని అడుగుతాడు. పక్కన కొత్తగా చూసేవారు ఉండడం వల్ల మీకు కలిగే లాభం ఇది. అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా ఆ జాతిదే.

వచ్చే వారానికి సినిమాను మీరు ఎంచుకోకండి, పిల్లలూ ఎంచుకోవద్దు. మీ శ్రీమతిగారిని ఎంచుకోమనండి. నాకేం తెలుసు, మీరే చెప్పండి అని ఆవిడ తప్పించుకోజూస్తే, 1955 నాటి ‘మిస్సమ్మ’ పేరు సూచించండి. ఉద్యోగాలు దొరకని ఇద్దరు పట్టభద్రులు, దంపతులైతేనే పంతుళ్ళుగా తీసుకుంటామన్న ప్రకటన చూసి, పెళ్ళి కాకుండానే భార్యాభర్తలుగా నటిస్తూ ఒక ఊరికి వెళ్ళడం అందులోని కథ. నిరుద్యోగం గురించి మీ అబ్బాయి మాట్లాడగలడు. ఒక అమ్మాయి డబ్బు అవసరంలో ఉండి కూడా తన మతాన్ని, తన కోపాన్ని వదులుకోకుండా పరాయి ఇంట్లో ఎలా నెగ్గుకొచ్చిందో మీ అమ్మాయి మాట్లాడగలదు. చివరికి సావిత్రి వేసిన ఆ మేరీ, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారుగారి కూతురు మహాలక్ష్మేనని తేలడంతో, రెండు మతాల మనుషులు పెళ్ళి చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అవసరం లేకుండా సినిమా తప్పించుకున్నదని ఆమె అంటే, అనబోతుంది కూడా, అక్కడ మీరు సావిత్రి నటనను అడ్డం పెట్టి వాదనకు దిగకండి. అది నిజమే. సావిత్రి గొప్పగా నటించిందన్నదీ నిజమే. మీ అల్లుడుగారు ఆ సినిమా ఇంతకు ముందు చూశారో లేదో నాకు తెలియదు. ఆయనను తిరిగి పిలవడానికి అది మంచి సాకు. పెళ్ళి కాని జంట అద్దె సంసారం గురించి నవ్వుకునేటప్పుడు ఎవరి యాస ఎవరికీ అడ్డు రాదు.

కాల్ మొదలైన తరువాత మొదటి మాట ఆవిడది కావాలి. ఆవిడ నేరుగా సినిమా గురించి కాకుండా, అది చూడడానికి తమ పిన్నిగారి ఊరు ఎలా వెళ్ళారో, దారిలో ఏమైందో చెప్పడం మొదలుపెట్టవచ్చు. అసలు సంగతికి రమ్మని మీరు అనకండి. నటుల పేర్లు తారుమారు చేసినా, విడుదలైన సంవత్సరం తప్పు చెప్పినా నడుమ అందుకుని సవరించకండి.